వెన్నుపూసకు సిమెంటు: సంతకానికి ముందు

మన యిళ్లలో పెద్దవాళ్లకు నడుము నొప్పి కొత్త సంగతి కాదు. వంగి బిందె యెత్తినా, తడి నేల మీద జారి కూలబడినా, వొక్కొక్కప్పుడు గట్టిగా దగ్గినా, వెన్ను దగ్గర కలుక్కుమంటుంది. వాయువు చేసిందని నూనె రాసి, కాపడం పెట్టి, నాలుగు రోజులు చూస్తాము. నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి వెళతాము. అక్కడ ఎక్సురే తీసి, “వెన్నుపూస అణిగిపోయింది, సిమెంటు పెట్టవలసి రావచ్చు” అంటారు. చేతికి వొక కాగితం యిస్తారు.

ఆ కాగితం యింగ్లీషులో వుంటుంది. లేదా మనం స్థిరపడిన చోటి భాషలో, అంటే అరవంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వుంటుంది. మంచం మీద వున్న అవ్వ నోట వచ్చేది తెలుగు. సంతకం పెట్టేది కొడుకో, అల్లుడో. ఆ కాగితం మధ్యలో యెక్కడో “సిమెంటు బయటకు కారే ప్రమాదం వున్నది” అని వొక వాక్యం వుంటుంది. హడావుడిలో దానిని యెవరూ చదవరు. ఆ వొక్క వాక్యం గురించే యీ నెల మన పేజీ.

ముందుగా వొక మాట. యిది వైద్యం చెప్పడం కాదు. డాక్టరుగారు చెప్పేది అర్థం చేసుకోవడానికీ, అడగవలసినది వేళకు అడగడానికీ పనికివచ్చే నాలుగు మాటలు మాత్రమే. మందు వారిది, ప్రశ్న మనది.

యెముక గుల్లబారడం

వయసు పైబడినకొద్దీ యెముకలో పస తగ్గుతుంది. ఆడవాళ్లకు ముట్టు ఆగిపోయిన తరువాత యీ తరుగుదల మరింత వేగంగా జరుగుతుంది. చాలాకాలం స్టీరాయిడు మందులు వాడినవాళ్లకూ యిదే యిబ్బంది. పైకి యెముక ఆకారం మారదు. లోపల తేనెపట్టులాంటి అల్లిక పలచబడి, గదుల మధ్య గోడలు తెగిపోతాయి. చెదలు తిన్న దూలం పైకి నున్నగా కనిపించి, బరువు పడగానే కూలినట్లు, వెన్నుపూస ముందువైపు అణిగిపోతుంది. మనిషి పొట్టి అవుతుంది, వీపు గూని అవుతుంది. డాక్టర్లు దీనిని ఆస్టియోపోరోసిస్ అంటారు. డెక్సా అనే పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు తక్కువ గాని వస్తే యీ జబ్బు వున్నట్లు లెక్క. యీ కొలతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది.

సిమెంటు అంటే

సిమెంటు అనగానే మనకు గోడలూ గచ్చులూ గుర్తుకు వస్తాయి. ఆసుపత్రి సిమెంటు అది కాదు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే వొక రకం ప్లాస్టిక్కు. కట్టుడు పళ్ల చిగురు భాగానికి వాడేదీ, గాజుకు బదులు వాడే పెర్‌స్పెక్సు రేకూ దీని బంధువర్గమే. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే కంటిడాక్టరు శుక్లం తీసిన కంటిలో మొట్టమొదటిసారి అమర్చిన కటకం యీ పదార్థంతో చేసినదే. 1950ల చివర యింగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటికీలు మార్చే ఆపరేషనులో లోహాన్ని యెముకకు పట్టి వుంచడానికి దీనిని వాడాడు.

వెన్నుపూసకు వచ్చేసరికి 1984 అయింది. ఫ్రాన్సులోని అమియెన్ పట్టణంలో గాలిబెర్, డెరామోన్ అనే డాక్టర్లు, మెడలోని రెండవ పూసలో రక్తనాళాల గడ్డతో బాధపడుతున్న వొక స్త్రీకి సూదిద్వారా సిమెంటు యెక్కించారు. నొప్పి తగ్గింది. పోనుపోను ఆ పద్ధతిని గుల్లబారి అణిగిన పూసలకూ వాడసాగారు. దానికి వర్టిబ్రోప్లాస్టీ అని పేరు. 1990ల చివర అమెరికాలో యింకొక పద్ధతి బయలుదేరింది. పూసలో చిన్న బెలూను వుబ్బించి, చోటు చేసి, బెలూను వెనక్కు తీసి, ఆ చోటును సిమెంటుతో నింపడం. దానిని కైఫోప్లాస్టీ అంటారు.

వెన్నెముకలో మరలు బిగించి కడ్డీలు వేసే పెద్ద ఆపరేషనులో కూడా సిమెంటు అవసరపడవచ్చు. పుచ్చిన కొయ్యలో మర నిలవదు కదా. బిగించినకొద్దీ వూరికే తిరుగుతుంది. గుల్లబారిన యెముకలోనూ అంతే. మర చుట్టూ కాస్త సిమెంటు చేరితే పట్టు వస్తుంది.

యెందుకు కారుతుంది?

యీ సిమెంటు పొడి వేరుగా, ద్రవం వేరుగా వస్తుంది. రెండూ కలిపిన తరువాత మొదట మజ్జిగలా పలచగా వుంటుంది. కొన్ని నిమిషాలకు పళ్లు తోముకొనే పేస్టులా చిక్కబడుతుంది. ఆపైన ముద్ద అవుతుంది, చివరకు రాయి అవుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అరిసెల పాకం పట్టిన చేతులకు యీ సంగతి వివరించనక్కరలేదు. పాకం లేతగా వుంటే పిండి జారిపోతుంది, ముదిరితే గరిటె కదలదు. సరి అయిన పాకం నిలిచేది కొద్దిసేపే. గది వేడిగా వుంటే సిమెంటు త్వరగా ముదురుతుంది, చల్లగా వుంటే నెమ్మదిగా ముదురుతుంది. కనుక ఆపరేషను గది చల్లదనం కూడా లెక్కలోనికి వస్తుంది.

గుల్లబారి విరిగిన పూస వోటికుండ వంటిది. గోడలలో పగుళ్లు వుంటాయి. లోపల సిరలు అల్లుకొని, వెనుకవైపు వెన్నుపాము వుండే గొట్టంలోనికి తెరుచుకొంటాయి. పలచని సిమెంటును వొత్తిడితో యెక్కిస్తే, అది సులువైన దారి వెతుక్కొంటుంది. ఆ దారులు ముఖ్యంగా నాలుగు. పైకో కిందికో, పూసకూ పూసకూ మధ్య వుండే మెత్తలోనికి పోవచ్చు. వెనుకకు, వెన్నుపాము గొట్టంలోనికి పోవచ్చు. పక్కకు, నరం బయటకు వచ్చే సందులోనికి పోవచ్చు. లేదా సిరలో పడి, పెద్ద రక్తనాళం ద్వారా గుండెకూ, అక్కడినుంచి వూపిరితిత్తులకూ చేరవచ్చు.

భయపెట్టడానికి యీ మాట చెప్పడం లేదు. ఆపరేషను తరువాత సి.టి. స్కాను తీసి వెదికితే చాలామందిలో యెంతో కొంత కారినట్లు కనిపిస్తుంది. వాళ్లలో యెక్కువమందికి దానివల్ల యే బాధా వుండదు. అయితే ఆ కొద్దిమందిలో బాధ వచ్చిందంటే అది చిన్నది కాదు. నరం మీద పడితే కాలిలో మంట, తిమ్మిరి, బలహీనత వస్తాయి. వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు పడిపోవచ్చు, మల మూత్రాల మీద అదుపు పోవచ్చు. వూపిరితిత్తులకు చేరినది యెక్కువైతే ఆయాసం, ఛాతీనొప్పి, అరుదుగా ప్రాణాపాయం కలుగుతాయి. అమెరికా ప్రభుత్వపు మందుల నియంత్రణ శాఖ 2002లోనే యీ ప్రమాదాల గురించి డాక్టర్లకు హెచ్చరిక పంపింది. కారడం కాక వేరే చిక్కులూ వున్నాయి. సిమెంటు యెక్కించే నిమిషాలలో రక్తపు పోటు పడిపోవచ్చు, చీము పట్టవచ్చు, కొన్నాళ్లకు పక్కపూస విరగవచ్చు.

తగ్గించే మార్గాలు

మొదటి మార్గం, అక్కర లేనివారికి చేయకపోవడం. యిది వేళాకోళం కాదు. అణిగిన పూస నొప్పి చాలామందిలో 6 నుంచి 12 వారాలలో మందులతోనే నెమ్మదిస్తుంది. 2009లో రెండు పరిశోధనలు వొకేసారి ప్రకటితమైనాయి. వాటిలో కొందరికి నిజంగా సిమెంటు పెట్టారు. కొందరికి అంతా పెట్టినట్లే చేసి, గదిలో సిమెంటు వాసన కూడా వచ్చేటట్లు చూసి, సిమెంటు మాత్రం యెక్కించలేదు. తరువాత కొలిచి చూస్తే రెండు పక్షాలకూ నొప్పి యించుమించు వొకే విధంగా తగ్గింది. 2016లో ఆస్ట్రేలియాలో, పూస విరిగి 6 వారాలు దాటనివారూ, నొప్పి తీవ్రంగా వున్నవారూ అయిన రోగులలో చూస్తే సిమెంటువల్ల మేలు కనబడింది. 2018లో నెదర్లాండ్సువారి పరిశోధనలో మళ్లీ తేడా కనబడలేదు. కనుక డాక్టర్లలో యేకాభిప్రాయం లేదు. పాతబడిన విరుగుడుకూ, తనంతట తానే తగ్గుతున్న నొప్పికీ పరుగెత్తి సిమెంటు పెట్టించరాదన్నది మాత్రం వీటినిబట్టి గ్రహించవచ్చు. అలాగని, మందులు వాడినా పక్కమీద నుంచి కదలలేక, వూపిరితిత్తులలో నెమ్ము చేరి, వీపున పుండ్లు పడే స్థితిలో వున్న వృద్ధులను వూరికే వుంచడమూ మేలు కాదు. తూచి చూడవలసినది అక్కడే.

రెండవ మార్గం, ముందు పటం చూడడం. యం.ఆర్.ఐ. తీస్తే విరుగుడు కొత్తదా పాతదా తెలుస్తుంది. నొప్పి పెట్టే పూస యేదో కూడా తేలుతుంది. సి.టి. తీస్తే పూస వెనుకగోడ పగిలిందా లేదా కనిపిస్తుంది. వెనుకగోడ పగిలితే సిమెంటు వెన్నుపాము వైపు పోయే భయం హెచ్చు. యిల్లు వోడుతుంటే కప్పు యెక్కి చిల్లు వెతకకుండా గచ్చు పూయించము కదా. పూస అణగడానికి కారణం ముసలితనమా, లోపల వేరే గడ్డ వున్నదా అన్న సందేహం వుంటే, సూది వేసినప్పుడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. శరీరంలో యెక్కడైనా చీము, జ్వరం, మూత్రంలో దోషం వుంటే అది నయమైనదాకా ఆగుతారు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. వాటిని యెన్ని రోజుల ముందు ఆపాలో, ఆపవచ్చునో లేదో, డాక్టరుగారే చెప్పాలి. మనంతట మనం ఆపరాదు.

మూడవ మార్గం, పాకం. “ఆలస్యం అమృతం విషం” అన్న సామెత యిక్కడ తిరగబడుతుంది. తొందరపడి పలచగా వుండగా యెక్కిస్తే సిరలలో పడుతుంది. పేస్టులా చిక్కబడేదాకా ఆగి, నెమ్మదిగా యెక్కిస్తే పూసలోనే ముద్దగా నిలుస్తుంది. కలిపిన కొద్దిసేపటికే చిక్కబడి, చాలాసేపు అదే చిక్కదనంలో వుండే సిమెంటులు యిప్పుడు దొరుకుతున్నాయి. వాటిని నెట్టడానికి బలమైన పంపు కావాలి, ధర కూడా హెచ్చు. కాని కారడం తగ్గుతుంది.

నాలుగవ మార్గం, కొలత. నొప్పి తగ్గడానికి పూసను నిండా నింపనక్కరలేదు. వీపు భాగపు పూసకు 2 నుంచి 4 మిల్లీలీటర్లు, నడుము పూసకు 4 నుంచి 6 మిల్లీలీటర్లు అన్నది సాధారణమైన లెక్క. మనం మందు పోసే చిన్న చెంచాకు 5 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే పెద్ద పూసకు కూడా చెంచాడు సిమెంటే. అంతకు మించి నింపితే కారే భయం పెరుగుతుంది. పూస మరీ బిగుసుకొని, పక్క పూస మీద బరువు పడుతుందని కూడా అంటారు. వొకే రోజున మూడు పూసలకు మించి చేయకుండా చాలామంది డాక్టర్లు జాగ్రత్తపడతారు.

అయిదవ మార్గం, కన్ను. సిమెంటులో ఎక్సురేకు కనిపించే బేరియం వంటి పొడి కలిపి వుంటుంది. యెక్కిస్తున్నంతసేపూ తెరమీద ఎక్సురే చూస్తూనే వుండాలి, పక్కనుంచీ యెదుటినుంచీ రెండు విధాలా చూడాలి. సిమెంటు పూస వెనుకభాగానికి దగ్గరపడగానే, లేక యేదైనా సిరలో గీతలా కనబడగానే, చేయి ఆపాలి. కొద్దిసేపు ఆగితే ఆ దారి గట్టిపడి మూసుకొంటుంది. తరువాత కావలిస్తే మళ్లీ కొద్దిగా యెక్కించవచ్చు. ఆగడం తెలిసిన చేయి మంచి చేయి.

ఆరవ మార్గం, చోటు చేయడం. బెలూను పద్ధతిలో ముందే గుంట యేర్పడుతుంది కనుక, తక్కువ వొత్తిడితో చిక్కని సిమెంటు వేయవచ్చు. అందుచేత కారడం తక్కువని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఖర్చు హెచ్చు. అది అందరికీ అవసరమనీ చెప్పలేము.

మరల ఆపరేషనుకు కూడా యీ సూత్రాలే. మర దారి పూస గోడను చీల్చకుండా పోవాలి. కొనదగ్గర చిన్న చిన్న రంధ్రాలు వున్న బోలు మరలు వస్తున్నాయి. వాటిగుండా వొక్కొక్క మరకు సుమారు 1 నుంచి 3 మిల్లీలీటర్ల సిమెంటు చాలు. మరలు యెన్ని వుంటే కారే అవకాశాలు అన్ని. కనుక అన్ని మరలకూ కాక, అవసరమైన వాటికే సిమెంటు పెట్టడం తెలివైన పని. సిమెంటు పట్టిన మరను తరువాత యెప్పుడైనా తీయవలసివస్తే కష్టం. అది కూడా ముందుగానే తెలుసుకొని వుండాలి.

బల్ల మీద మాట్లాడే భాష

యిది మన వంటి కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. సూదితో చేసే పద్ధతిని తరచుగా ఆ చోటు వరకే మత్తు యిచ్చి, రోగి మెలకువగా వుండగా చేస్తారు. రోగిని బోర్లా పడుకోబెడతారు. సిమెంటు నరం వైపు పోతున్నదని తెర మీద కనబడేలోపలే, రోగికి కాలిలోనికి చురుక్కున నొప్పి దిగవచ్చు. ఆ మాట ఆమె వెంటనే చెప్పగలిగితే డాక్టరు చేయి ఆగుతుంది. చెప్పలేకపోతే ఆగదు.

యిన్నేళ్లుగా బజారులో అరవమో కన్నడమో మాట్లాడినా, నొప్పి, భయం, మత్తు కలిసినప్పుడు పెద్దవాళ్ల నోట పుట్టింటి మాటే వస్తుంది. “లాగుతోందమ్మా”, “తిమ్మిరెక్కింది”, “వూపిరి ఆడటం లేదు” అంటే పక్కన వున్న నర్సుకు తెలియాలి కదా. కనుక ముందురోజే ఆ రెండు మూడు మాటలు కాగితం మీద తెలుగులోనూ ఆ వూరి భాషలోనూ రాసి, వినబడేటట్లు చదివి, నర్సమ్మకు యివ్వండి. లేదా నొప్పి దిగితే చేతి వేళ్లు యెలా ఆడించాలో వొక సంజ్ఞ యేర్పాటు చేయించండి. చెవుడు వున్నవారైతే యిది మరీ అవసరం. దీనికి కానీ ఖర్చు లేదు.

సంతకం యెవరిది?

సంతకం గురించి వొక మాట. 2008లో మన సుప్రీంకోర్టు వొక కేసులో స్పష్టంగా చెప్పింది: తెలివితో వున్న పెద్దమనిషికి చేసే వైద్యానికి ఆ మనిషి అనుమతే కావాలి. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో తప్ప, తల్లి అయినా మరొకరైనా బదులుగా యిచ్చిన అనుమతి చెల్లదు. చేసేది యేమిటి, యెందుకు, మేలు యేమిటి, వేరే మార్గాలు యేమిటి, ముఖ్యమైన ప్రమాదాలు యేమిటి అన్నది రోగికి తెలియచెప్పాలి. కనుక “ముసలమ్మకు యివన్నీ యెందుకు, భయపడుతుంది” అని మనమే సంతకం పెట్టేయడం చట్టానికీ సరిపడదు, మర్యాదకూ సరిపడదు. వీపు ఆమెది. ఆమెకు ఆమె భాషలో చెప్పి, ఆమె చేతనే పెట్టించాలి.

సంతకానికి ముందు అడగవలసినవి యివి:

నొప్పి పెట్టేది యీ పూసేనని యెలా తేలింది? విరుగుడు కొత్తదా?

మందులతో యింకా కొన్ని వారాలు చూడవచ్చునా? చూస్తే నష్టం యేమిటి?

పూస వెనుకగోడ బాగున్నదా?

యెన్ని పూసలకు పెడతారు? యే సిమెంటు, యెంత? అది వెన్నుపూసకు వాడడానికి అనుమతి వున్నదేనా?

యెక్కిస్తున్నంతసేపూ ఎక్సురే తెర వుంటుందా? రక్తపు పోటు, వూపిరి చూసేందుకు వేరే మనిషి వుంటారా?

పొరపాటున వెన్నుపాము మీద పడితే, వెంటనే ఆపరేషను చేసి తీయగల యేర్పాటు యిక్కడ వున్నదా?

తరువాత యెముక జబ్బుకు మందు యెవరు రాస్తారు?

నాలుగవ ప్రశ్న వూరికే పెట్టినది కాదు. అమెరికాలో 2002 తరువాత కొద్ది యేళ్లు, వొక కంపెనీవారు కాల్షియం ఫాస్ఫేటుతో చేసిన వేరొక యెముక సిమెంటును, వెన్నుపూసలకు అనుమతి లేకపోయినా, కొందరు సర్జనులచేత వాడించి చూశారు. ముగ్గురు రోగులు ఆపరేషను బల్ల మీద మరణించారు. ఆ కేసు కోర్టుకు వెళ్లింది. కంపెనీ నేరం వొప్పుకొంది. 2011లో నలుగురు పెద్ద అధికారులకు జైలుశిక్ష పడింది. డబ్బాలో వున్నది యేమిటో అడగడం అనుమానం కాదు, హక్కు.

యిన్ని ప్రశ్నలు అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని మనవాళ్లకు సంకోచం. రాసుకొని వెళ్లి, వరుసగా, మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు సంతోషంగానే చెబుతారు. జవాబులను అదే కాగితం మీద రాసుకొని రండి. యింటికి వచ్చాక యెవరు యేమన్నారన్న వాదన వుండదు.

యింటికి వచ్చిన తరువాత

సిమెంటు పెట్టిన తరువాత గంటా రెండు గంటలు పడుకోబెట్టి, సాధారణంగా ఆ రోజో మరునాడో నడిపిస్తారు. యింటికి వచ్చాక కొన్ని గుర్తులను కనిపెట్టి చూడాలి. ఆయాసం, ఛాతీనొప్పి, కాళ్లలో కొత్తగా తిమ్మిరి గాని బలహీనత గాని, మూత్రం బిగియడం లేక తెలియకుండా పోవడం, జ్వరం. వీటిలో యేది వచ్చినా రేపు చూద్దామని వుండక అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. వూపిరితిత్తులకు చేరిన సిమెంటు కొన్ని రోజుల తరువాత కూడా బాధ చూపవచ్చు. తగ్గిన నొప్పి కొన్ని వారాలకు వేరొక చోట మళ్లీ కలుక్కుమంటే, పక్కపూస అణిగిందేమో చూపించాలి.

అసలు సంగతి యిక్కడ వున్నది. సిమెంటు వొక పూసకు పెట్టిన మాసిక. బట్ట అంతా జీర్ణమైనప్పుడు వొక్క చిరుగు కుట్టి వూరుకుంటే, దాని పక్కనే చిరుగుతుంది. నొప్పి తగ్గగానే యిక జబ్బు తీరిందనుకొని వూరుకొనే యిళ్లు చాలా వుంటాయి. యెముకలకు మందు మొదలుపెట్టాలి, మానకుండా వాడాలి. వారానికి వొక బిళ్ల మింగే మందు వున్నది. దానిని పరగడుపున నిండుగ్లాసు నీళ్లతో మింగి, అరగంట నిటారుగా వుండాలి. యేడాదికి వొకసారి సిరలోనికి యెక్కించేది వున్నది. రోజూ పొడుచుకొనే యింజక్షను వున్నది. ఆరు నెలలకొకసారి యిచ్చే డెనోసుమాబ్ అనే యింజక్షను వున్నది. యీ చివరి దానిని బాగానే వున్నది కదా అని చెప్పకుండా మానేస్తే, కొద్ది నెలలలోనే పూసలు వరుసగా విరిగే ప్రమాదం వున్నది. మానవలసివస్తే బదులు మందు రాయించుకోవాలి.

ఆహారం సంగతి మనవాళ్లకు తెలియనిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో యిచ్చిన లెక్క ప్రకారం ముట్టు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా వుంటుంది. కన్నడదేశంలో ముద్ద, అరవదేశంలో కూళు, మనకు సంకటి, అంబలి. పేరు యేదైనా ధాన్యం వొకటే. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు, ముళ్లతో నమలదగిన చిన్న చేపలు కూడా మంచివే. డి విటమినుకు కాస్త యెండ తగలాలి, చాలకపోతే డాక్టరు చెప్పిన మందు వేసుకోవాలి. యెముకలు విరిగే స్థితికి వచ్చినవారికి తిండి వొక్కటే చాలదు. మందూ కావాలి, తిండీ కావాలి.

యింట్లో జారిపడకుండా చూడడం మగవాళ్ల పని కూడా. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కమ్మీ, రాత్రి లేచేవారికి చిన్న దీపం, జారే పట్టాలు తీసివేయడం, నిండు బిందె యెత్తనీయకపోవడం: యివన్నీ కలిపినా వొక సూది ఖర్చు కాదు.

యీ పేజీని చింపి దాచుకోమని చెప్పను, సంచిక చిరుగుతుంది. పైన రాసిన ప్రశ్నలను మాత్రం వొక కాగితం మీద, మీ వూరి భాషలో కూడా రాసి, ఆసుపత్రి కాగితాల సంచిలో వేసి వుంచండి. వచ్చే నెల మరొక విషయంతో కలుసుకొందాం.